కొట్టని కరెంటు

మా బావ తన ఇంట్లో తను స్విచ్ వేసుకోడు. చీకటి పడగానే హాల్లో కుర్చీలో కూర్చుని "ఏమే!" అని ఒక కేక పెడతాడు. మా అక్క వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, లైటు వేసి, లోపలికి వెళ్ళిపోతుంది. ఆవిడ ఇంట్లో లేకపోతే ఆ చీకట్లోనే కూర్చుంటాడు. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి అలాగే ఉన్నాడు. "ఎవరి మీద అలిగావు బావా, కరెంటు మీదా?" అంటూ నేనే లైటు వేశాను. నవ్వాడు. చూస్తే చొక్కా వీపంతా చెమటతో తడిసి ఉంది. స్విచ్ దాకా వెళ్ళి, వెయ్యలేక తిరిగొచ్చి కూర్చున్నాడట.

ఇంతా చేసి ఆయన నేర్చుకున్నదీ, చేసిందీ కరెంటు పనే. గోడలు చెక్కి పైపులు పరిచి వైర్లు లాగడంలో ఆయనకు మంచి పేరుండేది. ఆయనకో జతగాడు ఉండేవాడు. మనిషి బాగా పొడుగు, అందరూ "నిట్రాట" అనే పిలిచేవాళ్ళు. ఇద్దరూ కలిసే పనికి వెళ్ళేవాళ్ళు, కలిసే టీ తాగేవాళ్ళు, కలిసే మా అక్క చేత తిట్లు తినేవాళ్ళు. ఒకరోజు ఒక గోదాములో మెయిన్ ఆపేసి పైన వైర్లు కలుపుతున్నారు. పైన మనుషులున్నారని తెలియక, చీకటిగా ఉందని కింద ఎవరో మెయిన్ వేశారు.

ఆ సంగతి బావ నాతో ఒక్కసారే చెప్పాడు. "వాడు అరవడానికి నోరు తెరిచాడు. అరుపు రాలేదు. నా వైపే చూస్తూ ఉండిపోయాడు." వాణ్ణి వైరు నుంచి విడిపించడానికి ఎండు కర్ర కోసం గోదామంతా పరుగులు పెట్టాడట. దొరికింది. దొరికేసరికి దాంతో పని లేకుండా పోయింది.

అప్పటినుంచి మా బావకు కరెంటంటే ఒళ్ళంతా వణుకే. ఫ్రిజ్ తలుపు కూడా చేతిరుమాలుతో పట్టుకుని తీసేవాడు. వాన పడితే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వీధి మానేసి చుట్టూ తిరిగి వచ్చేవాడు. ఇంట్లో కూర్చుంటే రోజులు గడవవు కదా, మా అక్క నా కుట్టు గదిలో రెండో మిషను మీద కూర్చుంది. ఆయన్ని ఒక్క మాట అనేది కాదు. ఆవిడ అనాల్సినవన్నీ కలిపి నేనే అనేదాన్ని. నా నోరు మంచిది కాదని అందరికీ తెలిసిందే.

ఇలా ఉండగా నా మిషను దగ్గర లైటు చాలడం లేదని, సూదిలో దారం ఎక్కించడానికే కళ్ళు లాగేస్తున్నాయని, లైట్ల కొట్టుకు వెళ్తూ తోడు రమ్మని బావను లాక్కుపోయాను. కొట్టాయన నుదుటి మీదకు కళ్ళజోడు తోసుకుని, వెలుగుతున్న ఒక ఎల్‌ఈడీ పట్టీ చూపించాడు. అంగుళం వెడల్పు కూడా లేని రిబ్బను, దాని నిండా చుక్కల్లా దీపాలు. దాని వైర్ల కొసలు తోలు తీసేసి ఉన్నాయి. ఆ రాగి కొసల్ని ఆయన వట్టి వేళ్ళతో పట్టుకుని నిలబడ్డాడు. మా బావ ఒక్క అంగలో గుమ్మం బయట పడ్డాడు.

"అంత భయమేంటయ్యా? పన్నెండు వోల్టులు. కొట్టదు. పట్టుకో" అన్నాడు కొట్టాయన.

ఎంతసేపు బతిమాలామో చెప్పలేను. చివరికి కళ్ళు మూసుకుని, చూపుడువేలు చాపి, ఆ రాగికి ఆనించాడు. ఏమీ కాలేదు. రెండో వేలూ ఆనించాడు. తర్వాత గుప్పిట్లో పట్టుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి కన్నీళ్ళు జలజలా రాలాయి. కొట్టు మధ్యలో, కొనడానికి వచ్చిన వాళ్ళందరి ముందూ, చంటిపిల్లాడిలా ఏడ్చాడు మా బావ. నాకూ ఏడుపొచ్చింది.

కొట్టాయన మంచివాడు. అన్నీ విడమరిచి చెప్పాడు. "గోడలోంచి వచ్చే కరెంటుని ఈ అడాప్టర్ పెట్టె తగ్గించి ఇస్తుంది. అది మనిషిని కొట్టదు. కానీ వోల్టులు తగ్గినప్పుడు అదే వెలుగు రావాలంటే వైర్లో కరెంటు ఎక్కువ పారాలి. సన్న వైరు వేశావనుకో, వేడెక్కిపోతుంది. లావు వైరే వాడు. కలిపిన చోట గట్టిగా బిగించు. పెట్టె దగ్గర ఫ్యూజు తప్పకుండా పెట్టు. పట్టీ మరీ పొడుగైతే చివర వెలుగు తగ్గుతుంది, అప్పుడు రెండో వైపు నుంచి కూడా వైరు ఇయ్యి." బావ తల ఊపుతూనే ఉన్నాడు. ఆయన చెవికి ఎక్కింది మాత్రం "కొట్టదు" అన్న ఒక్క మాటే. మిగతాదంతా గాలికి పోయింది.

అలా మా బావకు మళ్ళీ బతుకు మొదలైంది. మొగుడూ పెళ్ళాలు పని పంచుకున్నారు. గోడ కరెంటు మా అక్కది, పెట్టె ఇవతలి కరెంటు ఆయనది. పెట్టెను గోడ కరెంటుకు కలిపేటప్పుడు ఆయన వీధిలోకి వెళ్ళి నిలబడేవాడు. అక్క "అయిపోయిందండీ" అన్నాక లోపలికొచ్చి, మెడలో పట్టీల చుట్టలు వేసుకుని, పాట పాడుకుంటూ నిచ్చెన ఎక్కేవాడు. అలమరల్లో, మంచాల కింద, అద్దాల చుట్టూ, మెట్ల అంచుల్లో లైట్లు పెట్టేవాడు. వీధి వీధంతా ఆయన్ని "పన్నెండు" అని పిలవడం మొదలెట్టింది. పిలిచిన ప్రతిసారీ మురిసిపోయేవాడు.

పని అయ్యాక ఆయనకో అలవాటు. ఇంట్లోవాళ్ళందర్నీ పిలిచి, వైర్లు కలిపిన చోటును వాళ్ళ చేత పట్టించేవాడు. ముసలివాళ్ళ చేత, పిల్లల చేత కూడా. "చూశారా, కొట్టదు!" అనేవాడు. వాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. అందుకే వైర్లు మెలేసి వదిలేసేవాడు, టేపు చుట్టేవాడు కాదు. "కొట్టని దానికి టేపెందుకు?" అనేవాడు. వైరు కూడా కాలింగ్ బెల్లుకు వాడే సన్న వైరే. అలమర అంచున కనబడకుండా దాక్కుంటుందని.

ఆయన చేసిన వాటిల్లో గొప్ప పని పిల్లల బడిలోది. రెండు వీధుల అవతల చిన్న పిల్లల్ని చూసుకునే బడి ఉంది. మా అక్క కూతురు బుజ్జి అక్కడికే వెళ్తుంది. పిల్లలు భోజనాలయ్యాక పడుకునే గదిలో పైకప్పు నిండా దూదితో మబ్బులు చేసి వేలాడదీశాడు బావ. వాటి కడుపులో పట్టీలు. కిటికీ తెరలు లాగి లైట్లు వేస్తే మబ్బులన్నీ లోపల్నుంచి వెలిగేవి. ఎంత మొండి ఏడుపు పిల్లలైనా వాటిని చూస్తూ చూస్తూ నిద్రపోయేవాళ్ళట. బడి పెద్ద టీచరు కనబడిన వాళ్ళందరికీ చెప్పేది. ఇంకో నాలుగు మబ్బులు కావాలంటే అవీ పెట్టాడు. వాటికి వెలుగు చాలకపోతే పెద్ద పెట్టె తెచ్చి అక్క చేత పెట్టించాడు. వైరు మాత్రం పాతదే.

నా కుట్టు గదిలోనూ అదే వరస. గుడ్డల అలమర చుట్టూ లైట్లు పెట్టాడు. చివరి అర వరకూ వెళ్ళేసరికి వెలుగు నీరసించిపోయేది. "ఆ చివరి దీపాలకు అన్నం పెట్టడం లేదా బావా?" అని వేళాకోళం చేశాను. ఆయనకు రోషం వచ్చింది. మర్నాడే పెద్ద పెట్టె తెచ్చి అక్క చేత గోడ కరెంటుకు కలిపించి, పనిలో పనిగా ఇంకో రెండు వరసల పట్టీలు కూడా అదే వైరుకు కలిపాడు. గదంతా పట్టపగలైపోయింది.

కొన్నాళ్ళకు నాకు వాసన తగలడం మొదలైంది. ఇస్త్రీ పెట్టె గుడ్డ మీద కాస్త ఎక్కువసేపు ఉంటే వచ్చే వాసన. ఇస్త్రీ పెట్టె తీసి పక్కన పెట్టాను. వాసన పోలేదు. మిషను మోటారేమోనని ఆపి చూశాను. అప్పుడూ పోలేదు. అలమర వెనక చెయ్యి పెట్టి చూస్తే చెక్క వేడిగా తగిలింది, జ్వరం వచ్చిన పిల్ల నుదురులాగా.

బావను పిలిచి చూపించాను. ఆయన అలమర వెనక్కి చెయ్యి పోనిచ్చి, వైరు మెలిక పట్టుకుని, నా వంక చూసి నవ్వాడు. "ఏం లేదు మరదలా. చూడు, పట్టుకున్నా కొట్టడం లేదు."

"కొట్టడం కాదు బావా, కాలుతోంది!"

"లైటన్నాక కాస్త వెచ్చగా ఉండదేంటి? పన్నెండు వోల్టులకే ఇంత భయపడితే ఎలాగమ్మా?"

ఎవరు ఎవరికి చెబుతున్నారో చూడండి! ఇంట్లో స్విచ్ వెయ్యలేని మనిషి నాకు ధైర్యం చెబుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అక్కతో చెబితే "నీకు మొదట్నుంచీ అన్నీ అనుమానాలే" అని కొట్టిపారేసింది. నేను ఊరుకోలేదు. స్కూలు యూనిఫారాల మూటలన్నీ అలమరలోంచి తీసి ఇవతల గోడకు చేర్చాను. టీకి లేచినా లైట్లు ఆపే లేచేదాన్ని. కుట్టుకుంటూ ఉన్నట్టుండి ఆగి, ముక్కు పైకెత్తి వాసన చూసేదాన్ని. కుట్లు వంకర పోయేవి.

ఒక మధ్యాహ్నం గౌను కత్తిరిస్తున్నాను. లైట్లు ఒక్కసారి రెపరెపలాడాయి. తలెత్తి చూస్తే అలమర వెనక నుంచి సన్నగా పొగ. నేను చూస్తుండగానే అర అంచున వేలాడుతున్న లైనింగు గుడ్డ గోధుమ రంగుకు తిరిగి, కొస ముడుచుకుని అంటుకుంది.

"బావా!" అని గావుకేక పెట్టాను.

బావ వసారాలో ఉన్నాడు. పరుగున వచ్చాడు. స్విచ్ బోర్డు గుమ్మం పక్కనే, ఆయన భుజం ఎత్తులో ఉంది. నేను గది ఆ మూల, మధ్యలో పెద్ద బల్ల. "ఆపు బావా, ఆపు!" అని అరుస్తున్నాను. ఆయన చెయ్యెత్తాడు. చెయ్యి బోర్డు దాకా వెళ్ళి ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. ఆ క్షణంలో ఆయన నన్ను చూడటం లేదు, మంటను చూడటం లేదు. నోరు తెరిచి అరవలేకపోయిన ఆ మనిషినే చూస్తున్నాడు.

తర్వాత ఆ చెయ్యి దించేసి, సరాసరి అలమర మీదకు దూకాడు. ఆయనకు నమ్మకమున్న కరెంటు అది ఒక్కటే కదా. రెండు చేతులతో ఆ వైరు పట్టుకుని లాగాడు. చర్మం మాడిన చప్పుడు నాకు వినబడింది. ఆయన అరిచిన అరుపుకు పెరట్లో ఉన్న మా అక్క చేతిలో పని పారేసి పరిగెత్తుకొచ్చి స్విచ్ ఆపింది. నేను బల్ల చుట్టూ తిరిగొచ్చి తడిగుడ్డతో మంట కొట్టాను. బావ చేతులు బకెట్ నీళ్ళలో ముంచాం.

అరచేతుల్లో వైరు పొడుగునా తెల్లటి చారలు. ఆయన వాటిని చూసుకోవడం లేదు. కింద పడిన వైరును చూస్తున్నాడు. దాని తోలు కరిగిపోయి రాగి నల్లబడింది.

"కొట్టలేదు," అన్నాడు. "కాల్చింది."

ఆ మాటన్నాక ఆయన గొంతు మారిపోయింది. "చిన్న పెట్టయితే ఓపలేక ఆగిపోయేదే. నేనే పెద్దది పెట్టాను. అది ఎంత అడిగితే అంతా ఇస్తుంది. వైరు ఓపలేదు. కొట్టాయన చెప్పాడు, లావు వైరు వెయ్యమని చెప్పాడు, ఫ్యూజు పెట్టమని చెప్పాడు..." అంటూ గోడ గడియారం వైపు చూశాడు. నేనూ చూశాను. అక్కా చూసింది. పిల్లలు భోజనం చేసి పడుకునే వేళ.

"బుజ్జి," అన్నాడు బావ.

అదే వైరు. అవే మెలికలు. అదే పెద్ద పెట్టె. అంతా దూదిలో.

అక్క బడికి ఫోను చేసింది. ఎత్తలేదు. పిల్లలు లేస్తారని ఆ వేళకు ఫోన్లు మూగగా పెట్టుకుంటారు వాళ్ళు. ఇక చెప్పులు కూడా వేసుకోలేదు మేము. అక్క ముందు, నేను వెనక, బావ చేతులకు తడిగుడ్డ చుట్టుకుని మా ఇద్దరి మధ్యా పరిగెత్తాం. ఎండకు వీధిలో జనం లేరు. సైకిలు బాగుచేసేవాడు "ఏమైంది పన్నెండూ?" అని అరిచాడు. మలుపు తిరుగుతుండగా నేను ఇళ్ళ కప్పుల మీదుగా పొగ కనబడుతుందేమోనని చూశాను. కనబడలేదు. అయినా ఇంకా వేగంగా పరిగెత్తాను. పొగ కనబడటానికి ముందు ఎంత కాలుతుందో అప్పుడే నా కళ్ళతో చూసి వచ్చాను.

బడి ఆయా గేటు కాస్త తెరిచి, వేలు పెదవుల మీద పెట్టుకుంది. "ఇప్పుడే పడుకున్నారమ్మా, తర్వాత రండి." బావ ఆమెను తోసుకుని లోపలికి పోయాడు. ఆ అలికిడికి పెద్ద టీచరు బయటికొచ్చింది.

"లైట్లు ఆపండి," అన్నాడు బావ. రొప్పుతున్నాడు.

"మెల్లగా అండీ! ఆపితే అందరూ లేచి ఏడుపందుకుంటారు."

"ఆపండమ్మా. అంటుకుంటాయి."

టీచరు చిన్నగా నవ్వింది. "పన్నెండు వోల్టులేగా! మీరే కదండీ మాకు ధైర్యం చెప్పింది?" అంటూ గుమ్మం పక్కన చెయ్యి పెట్టింది. వచ్చినవాళ్ళకు చూపించడానికని బావ అక్కడ ఒక మెలిక పైకి కనబడేలా వదిలాడు. దాని మీద వేలు ఆనించి, మా వైపు తిరిగింది. "చూడండి. కాస్త వెచ్చగా ఉంది, అంతే. ఎక్కడ కొట్టింది?"

ఆమె భుజం మీదుగా గది కనబడుతోంది. చాపల మీద పిల్లలు వరసగా పడుకుని ఉన్నారు. నోళ్ళు తెరుచుకుని, చేతులు ఒకరి మీద ఒకరు వేసుకుని. పైన మబ్బులు వెలుగుతున్నాయి. మధ్యలో అన్నిటికంటే పెద్ద మబ్బు కింద బుజ్జి. నాకు ఆ వాసన తగిలింది. చాలా కొంచెమే. కానీ ఇన్నాళ్ళూ ముక్కు పైకెత్తి వెతికిన వాసనను నేను పొరబడను. చూపు పైకి పోనిచ్చాను. బుజ్జి మీద ఉన్న మబ్బు కడుపులో టీ మరకలాంటి మచ్చ ఉంది.

బావ కూడా చూశాడు. చేతులకు చుట్టుకున్న గుడ్డను పళ్ళతో లాగేసి, రెండు అరచేతులూ టీచరు ముఖం ముందు పెట్టాడు.

ఆమె నవ్వు ఎటు పోయిందో. వేలు వెనక్కి లాక్కుంది. అప్పటికే అక్క బోర్డు దగ్గరుంది. టక్కుమని ఆపింది. గది చీకటైంది. ఒక పిల్ల లేచి ఏడ్చింది, వెంటనే అందరూ అందుకున్నారు. ఇద్దరిద్దర్ని చంకనేసుకుని బయటికి తెచ్చాం. ఆయా ఎందుకని అడగలేదు, మాతో పాటు ఎత్తుకొచ్చింది. బావ చేతులతో ఎత్తుకోలేడు. మోకాళ్ళ మీద కూర్చుని మోచేత్తో బుజ్జిని కదిపి, "మెడ పట్టుకో తల్లీ, గట్టిగా పట్టుకో" అన్నాడు. అది నిద్రలోనే ఆయన మెడ కావలించుకుంది. అలాగే దాన్ని వేలాడేసుకుని బయటికి వచ్చాడు.

ఆ పెద్ద మబ్బును కర్రతో దించి పెరట్లో పడేశాను. దూది విడదీస్తే లోపల నల్లటి గుంట, దాని అంచున ఎర్రటి చుక్కలు. గాలి తగలగానే భగ్గుమని లేచింది. ఆయా బిందెడు నీళ్ళు కుమ్మరించేలోపే సగం మబ్బు బూడిదైపోయింది. టీచరు అక్కడే మట్టిలో చతికిలబడి, దగ్గరున్న పిల్లనల్లా ఒళ్ళోకి లాక్కుంది.

నాకు తిట్లు నోటి చివరి దాకా వచ్చాయి. తిడదామనే తిరిగాను. బావ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. బుజ్జి భుజం మీద నిద్రపోతోంది. ఆయన నేల చూపులు చూస్తూ తనలో తను చెప్పుకుంటున్నాడు.

"మలుపులో మామ్మగారి మంచం తలాపున... మేడ మీద కొత్త జంట పరుపు కింద... కంపౌండరు ఇంట్లో పిల్లల పుస్తకాల అలమర... బాలింత గదిలో ఉయ్యాల పైన..."

ఎక్కడ లైట్లు పెట్టాడో చెప్పడం లేదు ఆయన. వాటి కింద ఎవరు పడుకుంటారో చెబుతున్నాడు. నేను వెళ్ళి ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"అందరి చేతా పట్టించాను," అన్నాడు నా వైపు చూసి. "పట్టించి మరీ నమ్మించాను. ఇప్పుడు ప్రమాదమంటే ఎవరు వింటారు మరదలా?"

"ముందు ఆసుపత్రికి పద బావా. ఆ చేతులు చూపించుకో."

"ముందు మామ్మగారు," అన్నాడు.

అక్క బుజ్జిని అందుకుని నాకిచ్చింది. బడి పనిముట్ల పెట్టెలోంచి వైర్లు కత్తిరించే కటింగ్ ప్లేయరు తీసి చేతపట్టుకుంది. నలుగురం అలాగే వీధిలోకి నడిచాం.

మామ్మగారికి చెవులు సరిగా వినబడవు. అక్క తలుపు బాదింది. లోపల అలికిడి లేదు. మళ్ళీ బాదింది. బావ కిటికీ సందులోంచి లోపలికి చూడబోయి, చూడలేక తల తిప్పుకున్నాడు. చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. ఆవిడ నిద్రముఖంతో బయటికొచ్చి, బావను చూసి ముఖమంతా నవ్వు చేసుకుంది.

"నువ్వా నాయనా! రా, లోపలికి రా. నువ్వు పెట్టిన లైట్లు ఎంత బాగున్నాయో! పెట్టిన రోజు నుంచీ ఒక్కసారి కూడా ఆపలేదు."